పక్క పేజీ

లెక్కల టీచరమ్మ పదింటికి వస్తానంది. గోడ మీది గడియారం తొమ్మిదీ ఐదు చూపిస్తోంది, అది ఎప్పుడూ ఐదు నిమిషాలు ముందే పరిగెడుతుంది కనక ఇప్పుడు సరిగ్గా తొమ్మిది, అంటే ఇంకా గంట టైముంది, గంటంటే మాటలా, ఒకప్పుడు గంటలో రెండు ఉన్ని కోట్లు కోసి, మడతలు పెట్టి, పైన చీటీ కూడా గుచ్చి పక్కన పడేసిన చెయ్యి కదా ఇది, అనుకుంటూ ఆమె తన కుడిచేతి వంక చూసుకుంది. కటింగ్ బల్ల అంచు మీద ఆనించిన ఆ చెయ్యి ఎవరి మాటా విననట్టు తన మానాన తాను సన్నగా వణుకుతోంది. తీసి ఒళ్లో పెట్టుకుంది. ఒళ్లోనూ వణికింది. బల్ల మీద ముదురు నీలం ఉన్ని గుడ్డ ఈ చివర నుంచి ఆ చివరకు పరిచి ఉంది. టీచరమ్మ వాళ్లమ్మ తన సొంత మగ్గం మీద నేసిన ఆఖరి గుడ్డ అది, ఆవిడ పోయి రెండేళ్లయింది, ఇన్నాళ్లూ బీరువాలో దాచి ఇప్పుడు మనసు గట్టిచేసుకుని కోటు కుట్టమని తెచ్చింది కూతురు, కోసేటప్పుడు పక్కన నిలబడి చూస్తానని కూడా అడిగింది. చూడమ్మా, దానికేం భాగ్యం, అని నోరుజారి ఒప్పుకున్నది తనే. కాగితం ముక్కలు పరిచి ఎటు తిప్పి చూసినా గుడ్డ సరిగ్గా సరిపోతుంది, అరచెయ్యి వెడల్పు కూడా మిగలదు. తప్పు కోస్తే తేవడానికి ఏ బజారులోనూ ఇంకోటి లేదు. నేసిన మనిషే లేదు. గది తలుపు మూసి గడియపెట్టి ఉంది, అదీ ఇప్పటి అలవాటే, ఎనిమిది నెలల అలవాటు.

ఎనిమిది నెలల కిందట ఒక చొక్కాకి చంక గీస్తుంటే సుద్ద గీత వంకరలు పోయింది. సుద్ద మంచిది కాదని తేల్చేసి కొత్త డబ్బా తెప్పించింది. కొత్త సుద్దా అలాగే గీసింది. అయితే బల్లే ఊగుతోందని దాని కాలికింద అట్టముక్క దూర్చింది. బల్ల తర్వాత కాఫీ మీద పడింది నేరం, వారం రోజులు కాఫీ మానేసి, తలనొప్పితో ఇంటిల్లిపాది మీదా చిరచిరలాడి, ఇక వీళ్లు నన్ను బతకనివ్వరు అన్న దశకొచ్చాక మళ్లీ మొదలుపెట్టింది, గ్లాసులో సగమే పోసుకుని, తొణక్కుండా. ఆఖరికి ఎవరికీ చెప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన ఆమె చేత కాగితం మీద చక్రాలు గీయించి, ముక్కు ముట్టుకోమని, తన వేలు ముట్టుకోమని చిన్నపిల్లలతో ఆడుకున్నట్టు ఆడి, ప్రాణానికేం ఢోకా లేదమ్మా, ఇది కొన్ని వంశాల్లో వస్తుంది, మందేస్తే కాస్త అదుపులో ఉంటుంది, పూర్తిగా పోదు, మీ నాన్నగారికి ఉండేదా, అనడిగాడు. ఉండేది. నాన్న బస్సు కండక్టరు. టికెట్టు చింపి ఇచ్చేటప్పుడు ఆ చెయ్యి ఊగిసలాడేది, వీధి వీధంతా ఆయన తాగుతాడనే అనుకునేది, పదమూడేళ్ల వయసులో తనూ అలాగే అనుకుని, ఒకసారి ఆయన ఎక్కిన బస్సులో ఆయన్ని ఎరగనట్టు కిటికీ వైపు తిరిగి కూచుంది. నాన్న జన్మలో ఒక్క చుక్క ముట్టలేదు. ఆ సంగతి డాక్టరు గదిలో, ముక్కు మీద వేలు పెట్టుకుని ఉండగా తెలిసింది ఆమెకి. చెప్పుకోవలసిన మనిషి పోయాక తెలిసిన సంగతుల్ని ఏం చేసుకోవాలో ఎవరూ చెప్పరు. మందు వేసుకుంటోంది, చెయ్యి కొంచెం నెమ్మదించింది, కానీ సుద్ద గీతకి కొంచెం సరిపోదు.

ఆ తర్వాతే తలుపు మూయడం మొదలైంది. షాపులో ఉండేవి రెండే గదులు, ముందు గదిలో మిషన్లు, ఇస్త్రీ బల్ల, అద్దం, కొలతల గోల. వెనక గదిలో కటింగ్. ఇద్దరు తోడికోడళ్లు కలిసి ఇరవై రెండేళ్లుగా నడుపుతున్న షాపు. పెద్దామె కోస్తుంది, చిన్నామె కుడుతుంది, వచ్చేవాళ్లు పెద్దామెను కత్తెరమ్మ అనీ చిన్నామెను సూదమ్మ అనీ పిలుచుకుంటారు, కట్టుకున్న అన్నదమ్ముల పేర్లు ఆ వీధిలో ఎవరికీ తెలియవు, ఆ మాటకొస్తే అన్నదమ్ములకీ అది పెద్ద అభ్యంతరం లేదు. కత్తెరమ్మ చెయ్యి వణుకుతోందంటే ఇంకేముంది, పేరులోనే కోత పడినట్టు. అందుకని తలుపేసుకుని, గీతకి వేలెడు ఎడంగా ముందు మోటుగా కోసి, తర్వాత ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని ఊపిరి బిగబట్టి అంచు చెక్కుకుంటూ వచ్చేది, అరగంటలో అయ్యే పని పూట పట్టేది, మామూలు గుడ్డకి ఆ ఆటలు చెల్లాయి. ఈ నీలం గుడ్డకి వేలెడు ఎడం ఎక్కడిది?

ఇది చాలదన్నట్టు ఈ మధ్య ఆమెకి ఒక గుండీల గొడవ పట్టుకుంది, అదెలాగంటే, ఓడల్లో వంటవాడిగా ముప్పై ఏళ్లు తిరిగొచ్చిన ముసలాయన ఒకడు పాత కోటుకి లైనింగ్ మార్చమని ఇచ్చాడు. లోపలి జేబులో అట్ట నలిగిపోయిన లావుపాటి పుస్తకం ఉంటే తిరిగి ఇవ్వబోయింది. “ఉంచుకోమ్మా, నాకు కంఠతా వచ్చేసింది. చైనా రేవులో కూరగాయలమ్మే ఆవిడ నేర్పింది నాకిది,” అన్నాడు. జోస్యమా అంటే, “జోస్యమనుకుంటే జోస్యం. జవాబుల సంగతి నాకు తెలీదు గానీ, అడగడం వచ్చాక నాకు నిద్ర పట్టింది,” అన్నాడు. నిద్ర అన్న మాట దగ్గరే ఆమె పడిపోయింది. పద్ధతి కష్టమేం కాదు. మనసులో ఉన్నది ఒక ప్రశ్నగా కాగితం మీద రాసుకోవాలి. మూడు నాణేలు గుప్పిట్లో ఊపి వెయ్యాలి, ఒక వైపుకి మూడు, ఇంకో వైపుకి రెండు, మొత్తం బేసి వస్తే నిండు గీత, సరి వస్తే మధ్యలో తెగిన గీత. ఇలా ఆరుసార్లు. ఆరు గీతలూ కలిస్తే ఒక బొమ్మ, అలాంటి బొమ్మలు అరవై నాలుగు, ఒక్కోదానికి ఒక్కో పేరు, ఒక్కో పేజీ. నాణేలకి బదులు ఆమె మూడు పెద్ద కోటు గుండీలు తీసుకుంది, ముందు వైపు గట్టు, వెనక నున్నన, ఎవరైనా చూసినా దర్జీది గుండీలతో ఆడుకుంటోందనుకుంటారు. గుప్పిట బిగించి ఊపాలి అని ఉంది పుస్తకంలో. మొదటి రోజు గుప్పిట బిగించగానే ఆమెకి నవ్వొచ్చింది. ఊపడం ఏముంది, పట్టుకుంటే చాలు, చెయ్యే ఊపేస్తుంది. ప్రపంచంలో ఇంకే పనికీ అడ్డమొచ్చే ఆ వణుకు ఈ ఒక్క పనికి మాత్రం అక్కరకొచ్చింది, అందుకే కాబోలు పొద్దున్నే షాపు తెరిచి, చిన్నామె వచ్చేలోపు, రోజూ ఒక బొమ్మ వెయ్యడం, దాని కింద తోచింది నాలుగు ముక్కలు రాసుకోవడం అలవాటైంది. ఇవాళ్టికి నలభై రోజులు.

ఈ నలభై రోజుల్లో ముందుమాట మాత్రం చదవలేదు. ముందుమాటలు ఎవరు చదువుతారు? ఇవాళ, ఈ గుడ్డ ముందు కూచుని, చేతికి పనిచెప్పే ధైర్యం లేక, కళ్లకు పనిచెబుదామని పుస్తకం మొదటికంటా తిప్పి చదువుతుంటే రెండో పేజీలో ఉంది: గీతలు కింది నుంచి పైకి వెయ్యాలి, మొదటి గీత అడుగున, ఆరోది పైన, నేలలోంచి మొలక లేచినట్టు. ఆమె ఆ వాక్యం మూడుసార్లు చదివింది. తర్వాత నోటుబుక్కు తెరిచి చూసుకుంది. నలభై బొమ్మలు. అన్నీ పైనుంచి కిందికి వేసినవే. మరి దర్జీకి ఇంకోలా ఎలా తోస్తుంది? భుజం దగ్గర టేపు పెట్టి కిందికి జారవిడుస్తాం, భుజం, ఛాతీ, నడుం, తొడ, మోకాలు, మడమ నుంచి మొదలుపెట్టి మనిషిని కొలిచినవాణ్ని ఎక్కడైనా చూశామా? మొదటిది అంటే పైనుండేది అని వేళ్లకే తెలుసు, పుస్తకాన్ని అడగాలని కూడా అనిపించలేదు. అంటే నలభై రోజులుగా మనిషిని తలకిందులుగా నిలబెట్టి కొలతలు తీసుకుంటోందన్నమాట, ఆ కొలతలతో కుట్టిన కోటు తొడుక్కుని హాయిగా ఉందని మురిసిపోతోందన్నమాట.  అరికాలి మంట నెత్తికెక్కింది, ఎవరి మీదో తెలియదు, పుస్తకం మీదా, ముసలాయన మీదా, తన మీదా.

సరిగ్గా వేసి ఉంటే ఏం వచ్చేదో చూద్దామని నోటుబుక్కునే తలకిందులుగా పట్టుకుంది. డాక్టరు దగ్గర మందు మార్పించుకొచ్చిన మర్నాడు వేసిన బొమ్మ, చెయ్యి బాగవుతుందా అని కూడా రాయలేక ‘రోజులు బాగుంటాయా’ అని రాసి వేసింది, అయిదు తెగిన గీతలు, అట్టడుగున ఒక నిండు గీత. తిరిగి రావడం, అని పేరు దానికి. పోయింది తిరిగొస్తుందన్నమాట అని ఆ రోజంతా ఎగిరెగిరి పనిచేసింది, పాట పాడుతున్నావా అని చిన్నామె తలుపు అవతల నుంచి అడిగేంతగా కూనిరాగాలు తీసింది. తిప్పి చూస్తే ఆ ఒక్క నిండు గీత పైకెళ్లి కూచుంది. దాని పేరు వెతికితే ఎక్కడో లేదు, ఎదురు పేజీలోనే ఉంది. రాలిపోవడం. ఇంకోరోజుది, ఓపిక పట్టు అని వచ్చింది, ఆ ముక్క పట్టుకుని పదిహేను రోజులు ఎంత సుఖంగా ఓపిక పట్టిందో, చెప్పాల్సిన మాట చెప్పకుండా నీళ్లు నమిలితే దానికి ఓపికని పేరు. తిప్పితే తగువు. అదీ పక్క పేజీయే. పెరగడం అని వచ్చినదాన్ని తిప్పితే తగ్గడం, పక్క పేజీ. ఎటు తిప్పినా ఒకేలా ఉండే బొమ్మలు ఓ ఎనిమిది ఉన్నాయట, అవి తప్ప పుస్తకమంతా ఇంతే, ఏ బొమ్మని బోర్లిస్తే దాని పక్కదే వస్తుంది, ఆ పాతకాలపు వాళ్లు అలా జతలు జతలుగా పేర్చిపెట్టారు, చొక్కాకి ఎడమ చేతికి జతగా కుడి చెయ్యి కత్తిరించినట్టు. నలభై రోజులూ సరైన మాట ఆమె కుడి మోచేతి కింద, కాగితం ఎగరకుండా ఆనించిన చోటే ఉంది. ఆమె ఎడమ పేజీ చదువుకుంటూ కుడి పేజీ మీద మోచెయ్యి పెట్టుకుని కూచుంది. అప్పుడు నవ్వొచ్చింది. మూసిన గదిలో ఒక్కతే కూచుని, భుజాలు ఎగిరిపడేలా నవ్వింది.

నవ్వు తగ్గాక బొమ్మలు వదిలేసి తను రాసుకున్న ప్రశ్నలు చదువుకుంది. బోర్డుకి రంగు వేయించాలా. కిటికీ దగ్గర మిషను ఇటు జరిపితే వెలుతురు బాగుంటుందా. పెద్ద ఆర్డర్లు తగ్గించుకోవాలా. మెడనొప్పికి దిండు మార్చాలా. దిండు! నాలుగు వేల ఏళ్లో మూడు వేల ఏళ్లో, రాజులు యుద్ధాలకి ముందు అడిగినవాటిని పట్టుకుని దిండు సంగతి అడిగింది. ఒక్కటంటే ఒక్కచోట చెయ్యి అన్న మాట లేదు. గోడ చుట్టూ తిరుగుతూ గుమ్మం మాత్రం కనపడనట్టు నటించిన మనిషి రాతలవి. ఇంత రాసి, ఇంత దాచి, ఏం కాపాడుకుంటున్నట్టు? కత్తెరనా? ఆ కత్తెర మాత్రం తనదా? అత్తగారిది, షాపు పెట్టిన మొదటి ఏడేళ్లూ కోత ఆవిడదే. పదిహేనేళ్ల కిందట ఒక పొద్దున అత్తగారు, మనిషి నిటారుగా ఉండేది, నవ్వడం తక్కువ, కత్తెర తెచ్చి ఈ బల్ల మీదే పెట్టి, “నాకు చూపు ఆనడం లేదే, ఇక నువ్వే కోసుకో,” అంది. అంతే. ముందూ వెనకా ఒక్క మాట లేదు. తను కంగారుపడింది, కళ్లజోడు చేయిద్దామంది, వద్దంది. ఆ తర్వాత ఎనిమిదేళ్లు బతికింది ఆవిడ, ఆ ఎనిమిదేళ్లూ సన్న సూదిలో నల్ల దారం, నల్ల గుడ్డ మీద, సాయంత్రం వెలుతురులో, ఎవరి సాయం లేకుండా ఎక్కించుకుంది. అది రోజూ చూస్తూనే ఉంది తను. చూస్తూ ఉండి కూడా, చూపు ఆనని మనిషి సూదిలో దారం ఎలా ఎక్కిస్తోందని ఒక్కనాడూ అనుకోలేదు. ఇప్పుడనిపించింది. ఆవిడ కళ్లకేం కాలేదు. కోడలి చెయ్యి తయారైందని ఆవిడకి తెలిసింది, ఆ మాట అంటే కోడలు నేనెక్కడ, మీరెక్కడ అంటూ కాళ్లావేళ్లా పడుతుందని కూడా తెలిసింది, అందుకని నింద తన కళ్ల మీద వేసుకుని పక్కకి జరిగింది. ఎంత పనిచేసింది ముసల్ది, అని ఆమె కళ్లు నిండాయి. అత్తగారంటే అంత ప్రేమ పుట్టడం ఆవిడ ఉండగా కూడా ఎరగదు. ఆవిడ అబద్ధమాడి ఇచ్చింది. నాకైతే అబద్ధం కూడా అక్కర్లేదు, నిజమే ఉంది చేతిలో, అది చాలదా?

తొమ్మిదిన్నర దాటింది. నోటుబుక్కులో కొత్త పేజీ తీసి, సుద్ద గీత సంగతి దేవుడెరుగు, అక్షరాలే కోడి కెలికినట్టు వస్తుంటే ఎడమచేత్తో ఆనుకుని రాసింది: నా చెయ్యి వణుకుతోంది, ఈ మాట నా తోడికోడలికి ఎలా చెప్పను? రాశాక తేరిపార చూసింది. ఇన్నాళ్లూ ఈ వాక్యం కాగితం మీద పడితే షాపు పైకప్పు కూలుతుందనుకుంది. ఏమీ కాలేదు. కింద మందుల షాపువాడు షట్టరు లేపుతున్న చప్పుడు వినిపించింది, అంతే. మూడు గుండీలూ గుప్పిట్లోకి తీసుకుంది, చెయ్యి తన పని తను చేసింది. బేసి, నిండు గీత, ఈసారి కాగితం అడుగున వేసింది, వెయ్యడానికి వేళ్లు ఒప్పుకోలేదు, కింద మొదలుపెట్టడమంటే పంట్లాంని నడుం బదులు మడమ నుంచి కుట్టుకొస్తున్నట్టు ఉంది. మళ్లీ బేసి, దాని పైన ఇంకో నిండు గీత. సరి, తెగింది. బేసి. సరి. బేసి. పట్టికలో వెతికి పేజీ తీసింది. ఎడం, అని ఉంది పేరు. ఆమె భాషలో చెప్పాలంటే ఎడమొహం పెడమొహం. ఒకే కప్పు కింద ఉంటారు, చూపులు మాత్రం చెరోవైపు, అని దాని సారం. అలవాటు కొద్దీ తలకిందులు చేస్తే పక్క పేజీలో కుటుంబం. చూశావా మరి, పాత పద్ధతిలో వేసి ఉంటే కుటుంబం వచ్చేది, ఆహా మా కుటుంబం ఎంత చక్కనిది అని నాలుగు ముక్కలు రాసుకుని, పుస్తకం మూసి, తలుపు గడియ మరోసారి చూసుకుని కత్తెర పట్టేది.

ఎడమొహమేమిటి, మాకేం గొడవల్లేవే, అనుకుంది ముందు. ఇరవై రెండేళ్లలో గట్టిగా పోట్లాడుకున్నది రెండుసార్లు, రెండూ ఇస్త్రీపెట్టె ఆపడం మర్చిపోయిన పాపానికి. గుండీలకేం తెలుసు, ప్లాస్టిక్ ముక్కలు. కానీ పేజీ తెరిచి ఉంది, పక్క పేజీలోకి పారిపోయే దారి ఇవాళ మూసుకుపోయింది, అందుకని ఆ ఒక్క మాట వంకే చూస్తూ కూచుంటే, ఒక్కొక్కటే పైకి తేలాయి. చిన్నామె పాటలు మానేసింది. ఎప్పటినుంచి? మిషను తొక్కుతూ ఏదో ఒకటి పాడందే ఆవిడకి కుట్టు పడేది కాదు. కాఫీ తెచ్చి లోపల బల్ల మీద పెట్టి, తనూ స్టూలు లాక్కుని కూచుని, కోసిన ముక్కల్ని చేత్తో నిమురుతూ, ఇది ఇలా ఎందుకు కోశావక్కా, అని అడిగేది, అడిగి అడిగి ప్రాణం తీసేది. ఇప్పుడు తలుపు తడుతుంది. తన షాపులో తను తలుపు తట్టి, గ్లాసు గుమ్మం పక్క అరుగు మీద పెట్టి, కాఫీ అక్కడుందక్కా అని వెళ్లిపోతుంది. మొన్నొకరోజు మధ్యాహ్నం దాకా ముక్కలు అందివ్వకపోతే ఖాళీ మిషను ముందు చేతులు కట్టుకుని కూచుంది, ఏమిటలా కూచున్నావంటే, ఏం లేదంది. ఆ ఏం లేదు అన్న తీరు ఇప్పుడు చెవుల్లో పడింది. తలుపు ఇటువైపు నుంచి చూస్తే సిగ్గు, అటువైపు నుంచి చూస్తే మరేమిటి? అటువైపు నిలబడి తను ఒక్కసారీ చూడలేదు. కుర్చీలోంచి లేచి, గడియ తీసి, ముందు గదిలోకి వెళ్లి, ఆ తలుపుని బయట నుంచి దగ్గరగా వేసి దాని ఎదురుగా నిలబడింది. ఎక్కడా ఒక్క సందు లేకుండా, రంగు వేసిన చెక్క. పొమ్మన్నట్టే ఉంది.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. చిన్నామె చేతిసంచీ భుజం నుంచి దించుకుంటూ లోపలికొచ్చి, మూసిన తలుపు ముందు శిక్ష వేసిన పిల్లలా నిలబడ్డ తోడికోడల్ని చూసి ఆగిపోయింది.

“ఏంటక్కా, తాళం పడిపోయిందా?”

ఎలా చెప్పాలి అని రాసుకున్న ప్రశ్నకి పుస్తకం ఏం జవాబు చెప్పిందో ఆమెకి గుర్తు రాలేదు. కుడిచెయ్యి ముందుకు చాపింది, ఇన్నాళ్లూ కొంగు కిందో, ఒళ్లోనో, సబ్బునీళ్లలోనో దాచిన చెయ్యి, దాన్ని గాల్లో అలాగే వదిలేసింది. “చూడు. ఎనిమిది నెలలైంది. తగ్గదంట. ప్రాణానికేం కాదు గానీ, కొయ్యలేను చిన్నీ. అందుకే తలుపేసుకుంటున్నా.”

చిన్నామె ఆ చెయ్యి వంక చూసింది, మొహం వంక చూసింది, మళ్లీ చెయ్యి వంక చూసింది. ఓదారుస్తుందనుకుంటే మండిపడింది. “ఎనిమిది నెలలా? ఎనిమిది నెలలు నన్ను చంపుకు తిన్నావు కదా! తలుపెందుకేస్తోంది, పని నేర్చేసుకుంటానని భయమా, వేరే షాపు పెట్టేసుకుంటాననా, నేనేం తప్పు మాట్లాడాను, ఎవరేం చెప్పారు నా మీద, అని నేను... రాత్రుళ్లు మీ మరిదిని నిద్రపోనివ్వలేదక్కా నేను!” సంచీలోంచి ఒక కవరు తీసి ఇస్త్రీ బల్ల మీద విసిరికొట్టింది. “యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీవాళ్లు. ఒకటో తారీఖు నుంచి రమ్మన్నారు. ఇవాళ టీచరమ్మ వెళ్లాక నీకు చెబుదామని తెచ్చా.”

పెద్దామె ఆ కవరు వంక చూసింది.  ఇంకో గంట, అంతే, ఇంకో గంట తలుపేసుకుని కూచుంటే, గుడ్డా పాడయ్యేది, చిన్నీ వెళ్లిపోయేది, ఎందుకు వెళ్లిపోయిందో చచ్చేదాకా తెలిసేది కాదు. “వెళ్తావా?” అంది. 

“వెళ్తా. ఎందుకు వెళ్లను,” అంటూనే చిన్నామె ఆ చాపిన చేతిని రెండు చేతుల మధ్య పట్టుకుని, అందులో మొహం దాచుకుని ఏడవడం మొదలుపెట్టింది. ఏడుస్తూ తిట్టింది, తిడుతూ నొప్పిగా ఉంటుందా అని అడిగింది, లేదంటే, మరి కాఫీ సగం గ్లాసే ఎందుకు తాగుతావో ఇప్పుడర్థమైంది, పిసినారితనమనుకున్నా, అంది. ఇద్దరికీ నవ్వొచ్చింది, ఏడుపు సగంలో ఉండగానే. పెద్దామె అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడింది. ఎంత తేలిక. ఇంతేనా, ఇదేనా, దీనికేనా నలభై రోజులు గుండీలు విసిరింది, అనుకుంది. విసరకపోతే ఇదీ అయ్యేది కాదని కూడా అనుకుంది. ఓడ వంటవాడు ఎప్పుడైనా కనిపిస్తే చెప్పాలి, నాకు అడగడం రావడానికి నలభై రోజులు పట్టింది, అదీ తలకిందులుగా, అని.

టీచరమ్మ పదికి రెండు నిమిషాల ముందే వచ్చింది, లెక్కల టీచరు కదా. ఇద్దరి ఎర్రబడ్డ కళ్లూ చూసి గుమ్మంలోనే తటపటాయించింది. పెద్దామె ఆవిడకీ దాచలేదు, చెయ్యి చూపించి, నేను కొయ్యలేనమ్మా, కోస్తే మీ అమ్మగారి గుడ్డ పాడవుతుంది, మా చిన్నీ కోస్తుంది, నేను పక్కనుండి చెబుతాను, మీకు ఇష్టం లేకపోతే గుడ్డ తీసుకెళ్లండి, ఏమీ అనుకోను, అంది. టీచరమ్మ గుడ్డ మీద అరచెయ్యి వేసి ఒకసారి నిమిరింది. “మీరు చెప్పకుండా కోసి ఉంటే అనుకునేదాన్ని,” అంది. “కానివ్వండి.”

గుడ్డ కదలకుండా పెద్దామె తన కుడి అరచేతిని దాని మీద బల్లకి అదిమిపెట్టి ఆనింది, ఒళ్లంతా బరువు వేస్తే చెయ్యి చాలావరకు కుదురుకుంటుందని అప్పుడే తెలిసింది ఆమెకి. గీతలు చిన్నామె గీసింది, ఆమె చెబుతుంటే, రెండుసార్లు తుడిచి మూడోసారి. కత్తెర తీసుకుని గుడ్డ అంచున పెట్టి, చిన్నామె అలాగే ఆగిపోయింది. ఎంతకీ కదల్లేదు.  కత్తెర మొన గుడ్డ మీద టకటక కొట్టుకుంటోంది.

“అక్కా,” అంది గుసగుసగా, టీచరమ్మకి వినపడకుండా. “నా చెయ్యీ వణుకుతోందే.”

పెద్దామె వంగి ఆ చేతి వంక శ్రద్ధగా చూసింది, ఎనిమిది నెలల్లో ఆ విషయంలో ఆమెకి వచ్చినంత పాండిత్యం డాక్టరుకి కూడా లేదు.

“నీది ఉత్త భయమే,” అంది. “పోతుంది. కొయ్యి.”